తలుపు కర్ర

ఆ కర్ర పీకింది నేనే. మిగతాది ఆ తర్వాత.

ఆగస్టు నెల, పొద్దున ఏడు గంటలు. మా సరస్సు పడమటి అంచు పొడవునా పసుపు తామర. రెండు మైళ్లు ఉంటుంది. కొన్ని ఆకులు నీటి మీద పరుచుకుని ఉంటాయి. ఎక్కువ ఆకులు నీటిలోంచి లేచి మనిషి ఛాతీ ఎత్తున నిలబడతాయి. దోనెలో కూర్చున్నవాడికి ఆకు తప్ప ఏమీ కనబడదు. దోనె ఒరుసుకుంటూ వెళ్లిన దారి అయిదు నిమిషాల్లో మూసుకుపోతుంది. వంగిన కాడ మళ్లీ లేస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారి ఉండదు.

అందుకని మా కాలవ వాళ్లం గింజలకి వెళ్లినప్పుడు, లోపలికి దూరిన చోట పొడుగాటి కర్ర ఒకటి పాతుతాం. పన్నెండు అడుగులు. కొసకి గుడ్డ కడతాం. ఎవరి గుడ్డ వాళ్లది. దాన్ని తలుపు కర్ర అంటాం. లోపలినుంచి నిలబడి చూస్తే ఆ గుడ్డ కనబడుతుంది. బయట వెళ్లేవాళ్లకి లోపల ఎవరున్నారో తెలుస్తుంది.

ఒకరి తలుపు కర్ర ఇంకొకరు ముట్టరు. గట్టు తగాదాలో అన్నదమ్ములు తుపాకులు పట్టుకున్న ఏడాది కూడా ఒకరి కర్ర ఒకరు ముట్టలేదు. పెళ్లాన్ని లేవదీసుకుపోయినవాడి కర్ర అయినా సరే, పక్కనుంచి పోవలసిందే.

ఆ పొద్దున నేను చేపల గాలాలు చూసుకుని వస్తున్నాను. నరికేసిన రెండు సైప్రస్ మొద్దుల మధ్య కర్ర కనబడింది. కొసకి నీలిగళ్ల గుడ్డ. ఉర్సుల్ వంటింటి ఏప్రన్ ముక్క. అంటే లోపల ఉన్నది ఆమె మొగుడు, ఒడిలాన్.

ఆ రెండు మొద్దుల మధ్య చోటు నా భార్య ఎల్మీర్ తలుపు. పెళ్లయిన ఏటినుంచి చనిపోయిన రోజు వరకూ ఆమె అక్కడినుంచే లోపలికి వెళ్లేది. ఆమె పోయాక అక్కడ ఎవరూ పాతలేదు. నేను కూడా పాతలేదు. పదకొండేళ్లు.

ఒడిలాన్ ఎల్మీర్‌కి అన్న.

దోనె ఆపాను. రెండు చేతులా పట్టుకుని కర్ర పీకాను. బురద బాగా పట్టుకుంది, ఒక పట్టాన రాలేదు. ఆలోచించుకోవడానికి సమయం ఉంది. ఉన్నా పీకాను. దోనెలో పొడుగునా పడుకోబెట్టి పైన గోతాం పట్టా కప్పాను. ఇంటికి వచ్చేశాను.

ఎల్మీర్ సంగతి చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఒడిలాన్ దగ్గర వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన ప్రార్థన ఉండేది. వడదెబ్బకి, పంటి పోటుకి, ఆగని నెత్తురుకి. మా కాలవ మీద ఎవరికి ఏది వచ్చినా ముందు వాడి దగ్గరికే వెళ్లేవాళ్లు. దానికి కట్టుబాట్లు ఉన్నాయి. వాడు ఏమీ పుచ్చుకోకూడదు. పిలిస్తే రానని అనకూడదు. బాగైనవాళ్లు, వాళ్ల మనుషులు, వాడికి మెర్సీ చెప్పకూడదు. ఎవరైనా మనకి మేలు చేస్తే మేం అనే మాట అది. ఉప్పు అందించినా అంటాం. ప్రార్థన వేసినవాడికి మాత్రం అనకూడదు. అంటే వేసింది విరిగిపోతుంది.

అప్పటికి పదకొండేళ్ల కిందట, ఒక ఆగస్టు మధ్యాహ్నం ఎల్మీర్ తామరలోంచి వచ్చి రేవు మెట్ల మీద పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. చెమట లేదు. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నాను. పట్నం ఇరవై రెండు మైళ్లు. ఒడిలాన్ ప్రార్థన వేశాడు. తల మీద నీళ్ల గ్లాసు బోర్లించి మూడుసార్లు వేశాడు. పొద్దు కుంకేసరికి ఆమె కళ్లు తెరిచింది. మంచినీళ్లు అడిగింది. నా పేరు పెట్టి పిలిచింది. వాడు, "పడుకోనియ్యి. డాక్టరు సంగతి పొద్దున చూద్దాం" అన్నాడు.

నేను వాడి చెయ్యి పట్టుకుని, "మెర్సీ, బావా" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. అందరూ విన్నారు.

తెల్లవారేసరికి ఎల్మీర్ పోయింది. శవం ఇంట్లో ఉండగానే ఒడిలాన్ అందరి ముందూ అన్నాడు. "నేను కట్టాను. వీడు నోటితో విప్పాడు."

అదే నిలిచింది. ఫెలీసియాన్ కొట్టులో కాఫీ తాగడానికి కూర్చుంటే జోకులు వేసేవారు. "సోస్తెన్‌కి కుర్చీ ఇవ్వండ్రా, భయం లేదు. వాడు ఆ మాట అనడు." నిజమే. అప్పటినుంచి నేను ఎవరికీ ఆ మాట అనలేదు. నాకూ ఎవరూ అనలేదు. పాడు మాటని పాడు మనిషి దగ్గర ఎందుకని.

అదీ సంగతి.

ఆ రోజు మధ్యాహ్నానికి ఆగ్నేయం గాలి లేచింది. సముద్రంలో తుపాను ఉందనీ, అది పడమటగా పోతుందనీ రేడియో చెప్పింది. పడమటగా పోయినా, గాలి నీళ్లని మా మీదికి తోస్తుంది. ఒంటిగంటకి మా రేవు మూడో మెట్టు కనబడింది. రెండున్నరకి కనబడలేదు.

ఒడిలాన్ వచ్చేసి ఉంటాడనుకున్నాను. నలభై ఏళ్లుగా ఆ తామరలో తిరిగినవాడు. కర్ర కనబడక గంటో రెండు గంటలో తిట్టుకుంటూ తిరుగుతాడు. తిరగనీ అనుకున్నాను. దానికే పీకాను.

మూడింటికి ఉర్సుల్ మా రేవుకి వచ్చింది. తల మీద గుడ్డ గాలికి ఎగిరిపోతుంటే ఒక చేత్తో పట్టుకుంది.

"అన్నయ్యా, మీ బావ రాలేదు."

"నాకు బావలెవరూ లేరు."

"సరే. నా మొగుడు రాలేదు. అలా అంటే నీ చెవికి ఎక్కుతుందా?"

నేను వల కుట్టుకుంటున్నాను. కుడుతూనే ఉన్నాను.

"ఫెలీసియాన్ దగ్గర మోటారు పడవుంది," అన్నాను.

"తెలుసులే. అది తామరలోకి పోతే నాలుగు గజాలకే ఆకు చుట్టుకుని ఛస్తుంది. ఇందాకే అంచు పొడుగునా పోయొచ్చాడు. తలుపు కర్ర ఎక్కడా లేదంట. కర్ర లేదంటే లోపల లేడు, నది మొగ దగ్గరికి పోయుంటాడని అందరూ అటెళ్లారు. ఆరు పడవలు."

సూది ఆగిపోయింది.

ఇది నాకు తట్టలేదు. తట్టి ఉండాలి. కర్ర లేకపోతే లోపల మనిషి లేడు. మా వాళ్లు ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనైనా అనుకుంటాను. నది మొగ అక్కడికి తూర్పున అయిదు మైళ్లు.

ఉర్సుల్ దోనె పక్కన నిలబడి ఉంది. మాట్లాడుతూ ఒక కాలు దోనెలో పెట్టింది. గోతాం అంచు మీద. గోతాం కింద ఆమె ఏప్రన్ ముక్క ఉంది.

"నువ్వేమంటావ్?" అంది.

"లోపలే ఉన్నాడు."

"కర్ర లేదుగా."

"లోపలే ఉన్నాడు, ఉర్సుల్."

ఆమె నా ముఖం చూసింది. తర్వాత తన కాలి కింద గోతాం చూసింది. దాని కింద పొడుగ్గా ఏదో ఉందని కాలికి తెలియకుండా ఉండదు. కాలు తీసేసింది.

"నీకెలా తెలుసని అడగను," అంది. "ఇప్పుడు అడగను. నన్నూ ఎక్కించుకో."

"నువ్వొద్దు."

"బరువా?"

"మాట్లాడతావు. లోపల వినాలి."

"నోరు మూసుకుంటాను."

"నీ వల్ల కాదు."

"సరే పో," అంది. "వాణ్ణి తీసుకురా. తిట్టుకుంటూ తీసుకొచ్చినా ఫర్వాలేదు. తీసుకురా."

గెడ వేసి తోశాను. కర్రని రేవులో దింపేద్దామంటే ఆమె అక్కడినుంచి కదల్లేదు. గోతాం కిందే దాన్ని మోసుకుంటూ బయల్దేరాను.

రెండు మొద్దులూ నీళ్లలో మునగడానికి జానెడు మిగిలి ఉన్నాయి. పొద్దున మోచేతి పొడుగు బయటికి ఉన్నాయి. వాటి మధ్యనుంచి దూరాను. నాకు తలుపు కర్ర లేదు. వాడి కర్ర పాతుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. పాతితే నది మొగనుంచి వచ్చేవాళ్లకి కనబడుతుంది. పొద్దున లేని కర్ర ఇప్పుడెలా వచ్చిందని అడుగుతారు. పాతలేదు. గాలి ఎడమ చెంపకి తగిలేలా చూసుకుంటూ వెళ్లాను.

లోపల గాలికి ఆకులన్నీ తిరగబడి తెల్లటి అడుగులు చూపిస్తున్నాయి. ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. పెంకుటింటి మీద వాన పడుతున్నట్టు చప్పుడు. ఎవరైనా అరిచినా ఇరవై గజాల్లో వినబడదు. పువ్వులు చాలావరకు రాలిపోయాయి. పసుపు రేకులు నీటి మీద తిరుగుతున్నాయి. తేలే ఆకుల్ని నీరు పైకి తోస్తుంటే, కాడలు కిందికి పట్టుకుని లాగుతున్నాయి. ఆకులు మునుగుతున్నాయి.

వాడి జాడ కాడల్లో వెతికాను. గింజల దుద్దు కోసేవాడు దాని కింద బెత్తెడు వదిలి కాడ విరుస్తాడు. కుడిచేతివాడు విరిస్తే కాడ ఒక వైపు చీలుతుంది. ఒడిలాన్ ఎడమచేతివాడు. విరిచిన కాడలు చూసుకుంటూ వెళ్లాను. మొదట్లో వరసగా ఉన్నాయి. పని చేసుకుంటూ తిన్నగా వెళ్లాడు. ఒక ఆకు మడతలో ఒలిచిన గింజ తొక్కలు చిక్కుకుని ఉన్నాయి. పచ్చి గింజ లోపల చిన్న ఆకుపచ్చ మొలక ఉంటుంది, చేదు. అందరూ గిల్లి పారేస్తారు. ఎల్మీర్ గుండుసూదితో తీసేది. ఈ తొక్కల్లో మొలకలు లేవు. ఒడిలాన్ చేదుతో సహా నమిలేస్తాడు.

ఆ తర్వాత కాడలు వరస తప్పాయి. దుద్దుల కోసం విరిచినవి కావు. దోనె గుద్దుకుని విరిగినవి. ఒకే చోట మూడు దిక్కులకి. అక్కడ తిరిగాడు. కర్ర కోసం చూశాడు. మళ్లీ తిరిగాడు.

గెడ ఇంకా గట్టిగా తోశాను.

దోనె కనబడింది. ఖాళీ.

కాడల మధ్య ఇరుక్కుని గాలికి ఊగుతోంది. సగానికి పైగా దుద్దులు. మంచి దుద్దులు, అరచేయంత. టోపీ వాటి మీద ఉంది. గెడ లేదు.

పిలిచాను. పేరు పెట్టి పిలవలేదు. "ఓయ్," అన్నాను. మళ్లీ అన్నాను. నాలుగోసారికి, గాలి వచ్చే వైపునుంచి, బొంగురుగా వినిపించింది.

"ఎవరది?"

"సోస్తెన్."

"ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు.

ఆకులు పక్కకి తోసి చూశాను. నీటిలో వాడి తల, భుజాలు, ఎడమ చెయ్యి. ఆ చెయ్యి గెడ కొస పట్టుకుని ఉంది. గెడ బురదలోకి దిగిపోయి రెండడుగులు మాత్రమే పైకి ఉంది. నీళ్లు వాడి చంకల దాకా వచ్చాయి.

తామర దుంప పెరిగే బురదకి అడుగు ఉండదు. నిలబడితే దిగుతాం. కదిలితే ఇంకా దిగుతాం.

"గెడ దిగబడింది," అన్నాడు. "లాగాను. దోనె కిందనుంచి జారిపోయింది. నేనూ గెడా మిగిలాం. నవ్వుతావేమో నవ్వు."

ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి.

"ఎంతసేపైంది?"

"నీళ్లు బొడ్డు దగ్గరున్నప్పటినుంచి. తొడల దాకా దిగాను. ఇప్పుడు నడుం దాకా. తలుపు కర్ర కనబడలేదు. రెండు మూడుసార్లు తిరిగాను. గాలికి పడిపోయిందేమో."

తలుపు కర్ర గాలికి పడదు. వాడికీ తెలుసు. నా వైపు చూడకుండా అన్నాడు.

"తాడు వెయ్యి," అన్నాడు.

తాడు నా చేతిలోనే ఉంది. దోనె వాడికి పది అడుగుల్లో ఉంది. వెయ్యలేదు.

"ముందు ఒక మాట చెప్పు."

"ఏం మాట?"

"నీకు తెలుసు. ఎల్మీర్ నా మాట వల్ల పోలేదని చెప్పు."

వాడు నన్ను చూశాడు. కళ్ల నిండా ఎర్ర జీరలు. పొద్దుటినుంచి ఎండలో ఉన్నాడు.

"దీనికోసమా వచ్చావ్?"

"నీ పెళ్లాం పంపితే వచ్చాను. వచ్చాక ఇది అడుగుతున్నాను."

"ఇక్కడ చెప్పించుకుని ఏం చేసుకుంటావ్? ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తావా?"

"చెప్పు."

"మెడకి తాడు కట్టి అడిగితే ఎవడైనా ఏదైనా చెప్తాడు."

"తాడు మెడకి లేదు. నా చేతిలో ఉంది."

"అదే నేననేది."

ఒక అల వచ్చి వాడి గడ్డానికి కొట్టింది. ఉమ్మేశాడు.

"నాకు తెలీదు, సోస్తెన్. తెలీంది చెప్పను. నీళ్లు తలమీదికి వచ్చినా చెప్పను."

"ఆ రోజు తెలిసే చెప్పావా?"

ఆకుల చప్పుడు. నీళ్లు భుజాల మీదికి ఎక్కాయి. నేను గెడ మీద బరువు వేసి దోనెని నిలబెట్టుకున్నాను. దగ్గరికి పోలేదు, దూరమూ పోలేదు.

"శవం ముందు నిలబడి అన్నావ్. ఎనిమిది మంది విన్నారు. తెలిసే అన్నావా?"

"లేదు," అన్నాడు.

"ఏంటి?"

"లేదన్నాను. చెవుడా? అప్పుడూ తెలీదు."

"మరెందుకన్నావ్?"

"డాక్టరు దగ్గరికి వెళ్దామన్నది నువ్వు. పొద్దున చూద్దామన్నది నేను. అందరూ విన్నారు. ఆవిడ పోయింది. ఎవడో ఒకడి మీద పడాలి. నా మీద పడితే ఈ కాలవ మీద ఇంకెవరూ నా గుమ్మం తొక్కరు. నువ్వేమో ఆ మాట అననే అన్నావు. నీ మీద వేశాను."

ఏడవలేదు, గొంతు మారలేదు. వల ఎక్కడ చిరిగిందో చెప్పినట్టు చెప్పాడు.

పదకొండేళ్లు దానికోసం కాచుకున్నాను. చేతికి వచ్చాక తాలు గింజలా ఉంది. ఏదో తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

"రేవులో అందరి ముందూ చెప్పాలి," అన్నాను.

"అక్కడిదాకా తీసుకెళ్తే కదా."

తాడు వేశాను.

చంకల కింద చుట్టుకున్నాడు. రెండో కొస దోనె ముక్కుకి కట్టి లాగాను. వాడు రాలేదు. దోనె వాడి వైపు వెళ్లింది. గెడ పాతి దానికి దోనెని కట్టాను. మళ్లీ లాగాను. దోనె పక్కకి ఒరిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి. వాడు ఇంకో రెండు వేళ్లు దిగాడు. నీళ్లు గడ్డం కిందికి వచ్చాయి. వాడి దోనె తెచ్చి ఆనిస్తే అదీ మునుగుతుంది, దుద్దుల బరువు.

బురదలోంచి మనిషి రావాలంటే నిలువుగా రాడు. ఛాతీ కింద అడ్డంగా ఏదైనా ఉండాలి. దాని మీద పడుకుని బరువంతా దానికి ఇచ్చి, ఒక్కొక్క కాలూ ఆడించి తీసుకోవాలి. మా నాన్న నేర్పాడు. అందరి నాన్నలూ నేర్పారు.

"కర్ర," అన్నాడు. తల వెనక్కి వంచి మాట్లాడుతున్నాడు. "అడ్డకర్ర ఏదైనా ఇయ్యి."

"లేదు."

"నీ గెడ."

"గెడ తీస్తే దోనె నిలవదు."

"ఇంకేం లేదా?"

గోతాం అక్కడే ఉంది. దాని కిందినుంచి కర్ర మొదలు బెత్తెడు బయటికి వచ్చి ఉంది. విల్లో చెట్టు బెరడు, ఆరని బురద.

ఇది చూపిస్తే ఒడిలాన్‌కి తెలుస్తుంది. ఉర్సుల్‌కి తెలుస్తుంది. రాత్రికి ఫెలీసియాన్ కొట్టులో తెలుస్తుంది. మాటతో పెళ్లాన్ని చంపినవాడు అనేవాళ్లకి నా మనసులో ఎప్పుడూ ఒక జవాబు ఉండేది, అది అబద్ధమని. మనిషి లోపల ఉండగా తలుపు కర్ర పీకినవాడు అంటే జవాబు లేదు. మా కాలవ మీద దానికంటే కిందికి పోవడానికి చోటు లేదు.

వాడు చస్తే ఎవరికీ తెలియదు. ఈ లెక్క వేసుకున్నాను. ఎంతసేపో తెలియదు. వేసుకున్నాను.

వాడి నోట్లోకి నీళ్లు వెళ్లాయి. దగ్గాడు.

గోతాం లాగేశాను. కర్ర తీసి, గుడ్డ ఉన్న కొస వాడి వైపు ఉండేలా నీటి మీదుగా తోశాను. నీలిగళ్ల గుడ్డ వాడి ముక్కు ముందునుంచి వెళ్లింది.

వాడు గుడ్డని చూశాడు. నన్ను చూడలేదు. గెడ వదిలి రెండు చేతులూ కర్ర మీద వేసి, దాన్ని ఛాతీ కిందికి తెచ్చుకుని పడుకున్నాడు.

ఆ తర్వాత అరగంట పట్టింది. కర్ర రెండు కొసలకీ తామర కాడలు కట్టలు కట్టలుగా విరిచి వేశాను, మునగకుండా. వాడు కుడికాలు ఆడిస్తుంటే నేను తాడు బిగించాను. బూటు బురదలో పోయింది. ఎడమకాలుకి ఇంకా ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఒకసారి వాడు ముఖం నీళ్లలో పెట్టేసి ఆగిపోయాడు. జుట్టు పట్టుకుని పైకి లాగాను. "బతికే ఉన్నాను, పీకకు," అన్నాడు. చివరికి పట్టుబడ్డ చేపలా దోనె అంచు మీదినుంచి లోపలికి దొర్లాడు. నడుం కిందంతా నల్లటి బురద. పంట్లాం కూడా పోయింది.

కర్రని లాగి దోనెలో వేశాను. ఈసారి గోతాం కప్పలేదు.

వాడి దోనెని వెనక కట్టుకున్నాను. గాలిని కుడి చెంపకి పెట్టుకుని తోశాను.

"ఎన్నింటికి పీకావ్?" అన్నాడు. పడుకునే ఉన్నాడు, కళ్లు మూసుకుని.

"ఏడింటికి."

"నేను లోపలున్నానని తెలుసు."

"తెలుసు."

"ఎందుకు?"

"అది ఎల్మీర్ తలుపు."

"ఓహో," అన్నాడు. "అక్కడ గింజ బాగుంది. పదకొండేళ్లుగా ఎవరూ కొయ్యలేదు. దుద్దులు చూశావుగా."

"అంతేనా?"

"అంతే. ఇంకేదో ఉందని చెప్పమంటావా?"

వద్దన్నాను.

రేవుకి వచ్చేసరికి ఆరు గంటలు. ఇంకా వెలుతురుంది. నది మొగకి వెళ్లిన పడవలు తిరిగొచ్చాయి. పది పన్నెండు మంది మెట్ల మీద ఉన్నారు. ఉర్సుల్ అందరికంటే కింద మెట్టు మీద, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసింది. ఏడవలేదు. "పంట్లాం ఏదీ?" అంది.

"బురద ఉంచేసుకుంది," అన్నాడు ఒడిలాన్.

నవ్వారు. ఫెలీసియాన్ దిగొచ్చి వాడి చంక కింద చెయ్యి వేశాడు.

"నది మొగంతా గాలించాం, ముసలోడా. ఆరు పడవల పెట్రోలు నీకోసం తగలెట్టాం. లోపల ఉన్నోడివి కర్ర ఎందుకు పాతలేదు?"

అప్పుడు ఫెలీసియాన్‌కి కర్ర కనబడింది. నా దోనెలో, అందరికీ కనబడేలా, నీలిగళ్ల గుడ్డతో.

"కర్ర ఇక్కడే ఉందిగా," అన్నాడు ఫెలీసియాన్.

అందరూ కర్రని చూశారు. ఉర్సుల్ నన్ను చూసింది. మధ్యాహ్నం తన కాలి కింద తగిలింది ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. నోరు తెరిచింది.

"పాతడం మర్చిపోయాను," అన్నాడు ఒడిలాన్.

"నువ్వా?"

"నేనే. దోనెలో పెట్టుకుని పాతకుండా పోయాను. ఆ కర్రే అడ్డం పెట్టి తీశాడు వీడు. ముసలితనం, ఏం చేస్తాం?"

మా కాలవ మీద ఇంతకంటే సిగ్గుచేటు మాట మగాడు తన గురించి చెప్పుకోలేడు. ఎనిమిదేళ్ల పిల్ల కూడా కర్ర పాతడం మర్చిపోదు. ఎవరో వెనకనుంచి, "రేపు తలకాయ కూడా ఇంట్లో మర్చిపోతావ్," అన్నారు. మళ్లీ నవ్వారు. ఉర్సుల్ నోరు మూసుకుంది.

వాడు ఫెలీసియాన్ చెయ్యి విడిపించుకుని నా వైపు తిరిగాడు. నడుం చుట్టూ గోతాం కట్టుకుని ఉన్నాడు.

"మెర్సీ, బావా," అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఒకామె శిలువ గుర్తు వేసుకుంది. ఫెలీసియాన్ వాడి భుజం పట్టుకున్నాడు. "నోరు ముయ్యి. ఇప్పుడేగా బతికొచ్చావ్. ఎవడితో ఏం మాటంటున్నావ్?"

"ఆ మాటకి ఎవరూ చావరు," అన్నాడు ఒడిలాన్. పెద్దగానే అన్నాడు, వెనక మెట్ల మీదివాళ్లకి కూడా వినబడేలా. "అప్పుడూ చావలేదు. వడదెబ్బకి చచ్చిపోయింది. డాక్టరు వద్దన్నది నేను."

ఉర్సుల్ వాణ్ణి తీసుకుని మెట్లెక్కింది. ఒంటి బూటు కూడా లేకుండా, ఆ గోతాంతో, చిన్నగా నడుచుకుంటూ వెళ్లాడు.

వాడు చెప్పాల్సింది చెప్పాడు. ఇంక నా వంతు. పది పన్నెండు మంది నా ముందే ఉన్నారు, నా నోటివైపే చూస్తున్నారు. ఒక్క ముక్క చాలు. నేను వంగి దోనె కట్టుకున్నాను. ముడి రెండుసార్లు వేశాను. లేచేసరికి సగం మంది వెళ్లిపోయారు.

తుపాను పడమటగానే పోయింది. వారానికి నీళ్లు తీశాయి. మునిగిన ఆకులన్నీ నల్లబడి కుళ్లిపోయాయి. ఆ ఏడు మళ్లీ గింజ రాలేదు. మరుసటి ఏడు వచ్చింది. నేను వాడి కర్రని అదే గుడ్డతో రెండు మొద్దుల మధ్య పాతాను. ఒడిలాన్ దోనె మీద వచ్చి చూశాడు. అక్కడినుంచే లోపలికి వెళ్లాడు. తర్వాత ఏటా అక్కడినుంచే వెళ్లేవాడు. మేం మాట్లాడుకోలేదు. నేను వాణ్ణి క్షమించలేదు. పొద్దున చూద్దామన్న రాత్రి ఒకటి ఉంది, అది ఎక్కడికీ పోదు. వాడు నన్ను క్షమించాడో లేదో అడగలేదు.

కొట్టులో జోకు మారింది. నాది పోయింది, వాడిది వచ్చింది. కర్ర మర్చిపోయిన ఒడిలాన్. తొమ్మిదేళ్లు ఆ పేరుతోనే పిలిచారు. వాడి దగ్గరికి ప్రార్థనకి వచ్చేవాళ్లు కూడా తగ్గారు. కర్ర మర్చిపోయినవాడు ప్రార్థనలో ముక్కలు మర్చిపోడని ఏముంది అనేవారు. వాడు ఎవరికీ బదులు చెప్పలేదు. నేను కాఫీ తాగుతూ విన్నాను.

మొన్న శీతాకాలం వాడు పోయాడు. శవం పక్కన రాత్రంతా కూర్చున్నప్పుడు ఫెలీసియాన్ మళ్లీ ఆ కథ చెప్పాడు. పంట్లాం సంగతి, కర్ర సంగతి. అందరూ నవ్వారు. చావింట్లో నవ్వడం మాకు తప్పు కాదు. ఉర్సుల్ నవ్వలేదు. గది అవతలి నుంచి నన్ను చూసింది. పదేళ్ల కిందట అడగనన్న ప్రశ్న ఆమె ఇంకా అడగలేదు.

ఆ రాత్రి కూడా నేను నోరు తెరవలేదు. ఉర్సుల్ చదవగలదు, ఫెలీసియాన్ చదవగలడు. అందుకే ఇది రాశాను.

ఒడిలాన్ కర్ర పాతాడు. మర్చిపోలేదు. బాగా లోతుగా పాతాడు. పీకడానికి నాకు చాలాసేపు పట్టింది.